లూజు టీషర్ట్‌ను ఇంట్లోనే సైజు చెయ్యడం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ విడత ప్రశ్నలన్నీ టీషర్ట్ మీదే. టీషర్ట్ కుట్టే బనియన్ గుడ్డ (దారాన్ని ఉచ్చులుగా అల్లినది) నేసిన గుడ్డలా మాట వినదు. లాగితే సాగుతుంది, కోస్తే అంచు చుట్టుకుపోతుంది, సూది కింద ఒక్కోసారి అలిగి కూర్చుంటుంది. కొలతలు ఎక్కువగా అంగుళాల్లో ఇచ్చాం.

ప్రశ్న: నా టీషర్ట్ ఛాతీ దగ్గర చుట్టూ 6 అంగుళాలు లూజు. రెండు పక్కలకీ పంచి చెరో 3 అంగుళాలు లోపలికి కుట్టాను. ఇప్పుడు తల దూరుతోంది కానీ ఒంట్లోకి దిగడం లేదు. కొలత రెండుసార్లు చూసుకున్నాను కదా, ఎక్కడ తప్పు?

జవాబు: కొలత తప్పు కాదు, భాగహారం తప్పు. టీషర్ట్‌ను పరిచి పక్కన 3 అంగుళాలు లోపలికి కుట్టినప్పుడు ముందు భాగంలో 3, వెనక భాగంలో 3, కలిపి ఒక్క పక్కే 6 పోయాయి. రెండో పక్క ఇంకో 6. మీరు తగ్గించాలనుకున్నది 6, తగ్గినది 12. చుట్టుకొలతలో ఎంత తగ్గించాలో దాన్ని రెండుతో కాదు, నాలుగుతో భాగించాలి. మీ విషయంలో ఒక్కో పక్క ఒకటిన్నర అంగుళం చాలు.

ఈ లెక్కలో పొరపాటు రాకుండా ఉండాలంటే చుట్టుకొలత జోలికే వెళ్లకండి. టీషర్ట్‌ను బల్ల మీద పరిచి ఒక చంక నుంచి రెండో చంక దాకా అడ్డంగా టేపు పెట్టండి. అది 23 ఉండి, మీకు చక్కగా సరిపోయే టీషర్ట్ అలాగే పరిస్తే 20 ఉందనుకోండి. తేడా 3, అందులో సగం ఒక పక్కకి, సగం ఇంకో పక్కకి. అంతే. టేపు ఒంటికి చుట్టి కొలిచేవాళ్లు మాత్రం ఛాతీ కొలతకు కనీసం 2, మామూలుగా 3 నుంచి 4 అంగుళాలు కలుపుకోవాలి. ఒంటి కొలతకు సరిగ్గా కుడితే ఊపిరి పీల్చినప్పుడల్లా గుడ్డ లాగుతుంది.

మిగిలిన గుడ్డ కత్తిరించారో లేదో మీరు రాయలేదు. కత్తిరించకపోతే నష్టమేమీ లేదు. కుట్టు విప్పేటప్పుడు రిప్పర్‌ను కుట్టు వెంట జర్రున జార్చకండి. ఒక్క ఉచ్చు తెగినా బనియన్ గుడ్డలో నిచ్చెనలా గీత దిగుతుంది. ఒకవైపు ప్రతి మూడో నాలుగో కుట్టు తెంపుకుంటూ వెళ్లి, రెండో వైపు దారాన్ని మెల్లగా లాగితే మొత్తం ఊడి వస్తుంది. సూది వేసిన చుక్కలు మిగులుతాయి. కాస్త నీళ్లు చిలకరించి ఆవిరి ఇస్త్రీ చేసి, గోటితో అడ్డంగా రుద్దితే చాలామటుకు మూసుకుంటాయి.

ప్రశ్న: మిషన్ కుట్టు వచ్చు, కానీ టీషర్ట్ ఎప్పుడూ ముట్టుకోలేదు. భుజాలు సరిగ్గానే ఉన్నాయి, పక్కలే లూజు. వరస చెప్పగలరా?

జవాబు: భుజాలు సరిగ్గా ఉంటే పని ఒక పూటది. ముందు టీషర్ట్‌ను ఉతికి ఆరేయండి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, మీరు కుట్టాక ముడుచుకుంటే చేసిన లెక్కంతా వృథా.

తిరగేసి బల్ల మీద పరిచి, ముడతలు చేత్తో సర్దండి. లాగి సర్దకూడదు, తట్టి సర్దాలి. మీకు సరిపోయే టీషర్ట్‌ను దాని మీద పెట్టండి. మెడ, భుజం కలిసే చోటు రెండింటికీ కలవాలి, ముందు భాగం నడిమి గీత కలవాలి. కింది అంచులు కలవకపోయినా ఫరవాలేదు. అచ్చుగా పెట్టిన టీషర్ట్ కూడా అదే రకం గుడ్డ అయ్యుండాలి. సాగే లైక్రా కలిసిన టీషర్ట్‌ను అచ్చుగా తీసుకుని, సాగని మందపాటి నూలు టీషర్ట్‌ను కోస్తే బిగుతైపోతుంది. పరీక్ష సులువు: రెండింటిలోనూ 4 అంగుళాల ముక్క అడ్డంగా పట్టుకుని లాగండి. ఒకటి 6 దాకా వెళ్లి, ఇంకోటి 5 దగ్గరే ఆగితే, సాగని దానికి ఒక్కో పక్క కనీసం అర అంగుళం అదనంగా వదలండి.

సుద్దతో గీత గీసేటప్పుడు చేతి అంచు దగ్గర మొదలుపెట్టి, చంక కింద మలుపు తిరిగి, కింది అంచు దాకా ఒకే గీతగా రావాలి. అందరూ చెడగొట్టేది ఆ మలుపు దగ్గరే. చెయ్యి గీత, పక్క గీత మూలమట్టంలా కలిస్తే చంకలో గుడ్డ ముద్దకట్టి గుచ్చుకుంటుంది. ఒక చిన్న గిన్నె మూత పెట్టి గీసినట్టు గుండ్రంగా తిప్పండి. కింద చివరి అంగుళంన్నర మాత్రం గీత నిటారుగా దిగాలి. నడుము దగ్గర లోపలికొచ్చిన గీతను అదే వాలులో అంచు దాకా లాగితే, మడత వేసినప్పుడు లోపలి గుడ్డ చాలక పక్కల్లో లాగుతుంది.

గీత మీద చేత్తో పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసి, తొడుక్కుని చూడండి. నిలబడి చూస్తే చాలదు. కూర్చోండి, రెండు చేతులూ పైకెత్తండి, ముందుకు వంగి చెప్పులు వేసుకుంటున్నట్టు చెయ్యండి. నప్పితేనే మిషన్ ఎక్కించండి. చంక మలుపులో కుట్టు చిన్నది చెయ్యండి, ఒకటిన్నర మిల్లీమీటర్ చాలు, ఎక్కువ లాగుడు అక్కడే పడుతుంది. కుట్టాక మళ్లీ ఒకసారి తొడుక్కుని చూసి, అప్పుడు కత్తెర తీయండి. మార్జిన్ (కుట్టు అవతల మిగిలే గుడ్డ) ముప్పాతిక సెంటీమీటర్ నుంచి ఒక సెంటీమీటర్ దాకా వదిలి మిగతాది కోసి, చంక వంపులో మార్జిన్‌కు రెండు మూడు చోట్ల చిన్న గాటు పెట్టండి. గాటు కుట్టుకు 2 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోవాలి. అంచు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ లేదని ఆగిపోవద్దు, బనియన్ గుడ్డ అంచు నేసిన గుడ్డలా పోగులు పోగులుగా ఊడదు.

ప్రశ్న: పక్కలు మీరు చెప్పినట్టే లెక్కగా తగ్గించాను. అయినా ఎవరిదో అడిగి వేసుకున్నట్టే ఉంది. చెయ్యి ఎత్తితే టీషర్ట్ మొత్తం పైకి లేస్తోంది.

జవాబు: మీ టీషర్ట్‌లో లూజు పక్కల్లో లేదు, భుజంలో ఉంది. పక్కలు ఎంత బిగించినా భుజం కుట్టు మోచేతి వైపు జారి ఉన్నంతకాలం అది పెద్ద టీషర్ట్‌లాగే కనిపిస్తుంది. చెయ్యి ఎత్తితే లేవడానికి కారణం చంక రౌండు (చెయ్యి అతికే గుండ్రటి రంధ్రం) మరీ కిందికి ఉండటం. పక్కలు బిగించాక ఆ ఇబ్బంది తగ్గదు, పెరుగుతుంది.

అద్దం ముందు నిలబడి భుజం చివర ఎముక వేలితో తడిమి, అక్కడ టీషర్ట్ మీద పిన్నీసు పెట్టండి. చెయ్యి అతుకు అక్కడి నుంచి అర, ముప్పావు అంగుళం లోపే దిగి ఉంటే వదిలెయ్యండి, ఆ మాత్రానికి చేతులు విప్పడం శ్రమ దండగ. అంతకు మించితే చేతులు విప్పి మళ్లీ అతకాల్సిందే. దగ్గరి దారి లేదు. భుజం మీద మడత వేసి కుట్టే చిట్కాలు చాలానే తిరుగుతుంటాయి. అవి దూరం నుంచి కూడా మడతలాగే కనిపిస్తాయి.

మెడ దగ్గర నుంచి మీ భుజం కుట్టు ఏడున్నర అంగుళాలు ఉండి, పిన్నీసు ఐదున్నర దగ్గర ఉందనుకుందాం. అంటే 2 అంగుళాలు లోపలికి రావాలి. పాత అతుకును కుట్టు కుట్టుగా విప్పుతూ గంట గడపకండి. ఎలాగూ ఒంటి భాగంలో ఆ 2 అంగుళాలు కోసిపారేసేదే, కాబట్టి అతుకును ఆనుకుని ఒంటి వైపు కోసెయ్యండి. చేతి గుడ్డ చెక్కు చెదరకుండా మీకు మిగలాలి. చేతి కింది కుట్టు, పక్క కుట్టు కూడా కోసి తెరవండి. ఇప్పుడు మీ ముందు మెడ దగ్గర, భుజాల దగ్గర మాత్రమే కలిసి ఉన్న ఒళ్లు, విడిగా రెండు చేతులు ఉంటాయి.

ఒంటిని నిలువునా సగానికి మడిచి, భుజం కుట్టు మీద భుజం కుట్టు, మెడ మీద మెడ పడేలా గుండుసూదులు పెట్టండి. కొత్త భుజం గుర్తుకు మార్జిన్ పావు నుంచి మూడు ఎనిమిదో వంతు అంగుళం కలపండి. ఒక్క జాగ్రత్త: దుకాణం టీషర్ట్‌ల భుజం కుట్టు చాలావాటిలో గొలుసు కుట్టు. మధ్యలో కోస్తే ఆ కోసిన చోటు నుంచి జారుగా ఊడిపోతుంది. కోసే ముందు కొత్త గుర్తుకు ఇవతల, మెడ వైపు, చేత్తో నాలుగైదు కుట్లు గట్టిగా వేసి లాక్ చెయ్యండి.

కొత్త చంక రౌండు గీసేటప్పుడు చంక మొనను లోపలికే కాదు, పైకి కూడా జరపండి. పైన గుడ్డ ఎక్కడిది అంటారేమో. పాత చంక రౌండు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగి ఉంటుంది కదా, పక్క గీత లోపలికి జరిగినకొద్దీ దాని పైన గుడ్డ దొరుకుతుంది. ముప్పావు నుంచి ఒక అంగుళం లేపగలిగితే చెయ్యి ఎత్తినప్పుడు టీషర్ట్ లేచే బాధ చాలావరకు పోతుంది.

ఇక చెయ్యి. పెద్ద టీషర్ట్ చేతికి పైవంపు చదునుగా, వెడల్పుగా ఉంటుంది. భుజం మీద కూర్చునే చేతికి పైవంపు ఎత్తుగా, సన్నగా ఉండాలి. చేతిని నిలువునా మడిచి, పైకొన అలాగే ఉంచి, పక్కల మొనలను కిందికి, లోపలికి దించి కోయండి. సరిపోయే టీషర్ట్ చేతినే అచ్చుగా వాడితే ఊహించే పని ఉండదు. చెయ్యి 2 అంగుళాలు పైకి జరిగింది కాబట్టి చేతి అంచు కూడా అంతే పైకి వెళ్తుంది. పెద్ద సైజు చేతులు మోచేతి దాకా ఉంటాయి కనుక ఇది మేలే, మళ్లీ అంచు మడత వెయ్యక్కర్లేదు.

అతికే ముందు తప్పనిసరిగా కొలవాల్సింది ఒకటుంది. టేపును నిలబెట్టి, అంచు మీద కాకుండా కుట్టు పడబోయే గీత మీద, చంక రౌండు ముందూ వెనకా కలిపి కొలవండి. చేతి పైవంపు కూడా అలాగే. రౌండు 18న్నర ఉంటే చెయ్యి 18న్నర నుంచి 19 లోపు ఉండాలి. చెయ్యి అంతకన్నా పెద్దదైతే భుజం మీద కుచ్చుల్లా లేస్తుంది, ఇంకాస్త చెక్కండి. చిన్నదైతే అర అంగుళం వరకు సాగదీసి సర్దుకోవచ్చు, అంతకు మించితే ఒంటి గుడ్డ నలుగుతుంది.

పక్కలు మూయకముందే చేతులు అతకండి. చేతి పైకొన భుజం కుట్టుకు, మొనలు మొనలకు, మధ్యలో ఇంకో రెండు చోట్ల సూదులు. మంచి వైపులు రెండూ ఎదురెదురుగా ఉండాలి. కుట్టాక ఒంటిని మడిచి, చేతి అంచు నుంచి కింది అంచు దాకా ఒక్క కుట్టులో దిగిపోండి. చంక దగ్గర నాలుగు పొరల మార్జిన్లూ ఒకే వైపు పడితే ముద్ద కడుతుంది, ముందుది ఒక వైపు, వెనకది ఇంకో వైపు మళ్లించండి.

ప్రశ్న: మా ఇంట్లో తిన్నగా కుట్టే పాత మిషనే ఉంది. టీషర్ట్ తొడుక్కునేటప్పుడు పటపటమని కుట్లు తెగుతున్నాయి. మధ్యమధ్యలో కుట్టు దాటేస్తోంది కూడా.

జవాబు: రెండు జబ్బులు, రెండు మందులు. దాటేయడం సూది వల్ల. బనియన్ గుడ్డకు మొన గుండ్రంగా ఉండే సూది వాడాలి. ప్యాకెట్ మీద బాల్‌పాయింట్ అనో జెర్సీ అనో ఉంటుంది. మామూలు టీషర్ట్‌కు 75/11, మందపాటి దానికి 90/14. ఆ మొన ఉచ్చులను పక్కకు తోసుకుని దిగుతుంది. మామూలు వాడి సూది గుడ్డను కూడా తనతో పైకి లేపుతుంది, దాంతో కింద దారం ఉచ్చు ఏర్పడక కుట్టు పడదు. ఇంకా చెడ్డ సంగతి, అది ఉచ్చులను తెంపుతుంది. ఆ చిల్లులు కుట్టిన రోజు కనపడవు, రెండు ఉతుకుల తర్వాత కుట్టు పక్కనే వరసగా బయటపడతాయి.

తెగడం దారం వల్ల. గుడ్డ సాగుతుంది, తిన్నటి కుట్టు సాగదు. నూలు దారం తీసేసి పాలిస్టర్ దారం పెట్టండి, కింది దారం చుట్టే బాబిన్‌లో కూడా. పై దారం టెన్షన్ (బిగువు) కాస్త వదులు చెయ్యండి. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడాలి. కుట్టేటప్పుడు గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదానికి ముందు ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి ఉంచి, గుడ్డను కొద్దిగా బిగువుగా పట్టుకోండి. మిషన్ లాక్కునే వేగానికే వదలాలి, మీరు లాగకూడదు. మొదటి కుట్టుకు అరపావు అంగుళం అవతల, మార్జిన్‌లో, రెండో కుట్టు వెయ్యండి. కోసిన ముక్క మీద నాలుగు అంగుళాలు కుట్టి రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి. తెగితే టెన్షన్ ఇంకా వదలాలి. లాగి వదిలాక అలలుగా ఉండిపోతే మీరు గుడ్డను ఎక్కువ లాగుతున్నట్టు.

జిగ్‌జాగ్ (వంకరటింకర కుట్టు) ఉన్న మిషన్ అయితే ఈ తంటా లేదు. వెడల్పు అర నుంచి 1 మిల్లీమీటర్, పొడవు రెండున్నర పెట్టండి. చూడటానికి తిన్నటి కుట్టులాగే ఉంటుంది, లాగితే సాగుతుంది. కాకపోతే ఆ మిషన్లలో సూది పలక రంధ్రం వెడల్పుగా ఉండి, మొదలుపెట్టగానే గుడ్డ మూలను లోపలికి మింగేస్తుంది. రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకుని, అంచు నుంచి అర అంగుళం లోపల మొదలుపెట్టండి.

ప్రశ్న: పొడవు తగ్గించి కింద మడత వేశాను. కొత్త అంచు ఆకుకూర ఆకుల్లా అలలు తిరిగింది. ఇస్త్రీ చేసినా పోవడం లేదు.

జవాబు: ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ తోశారా? తోస్తే అలలు ఇంకా పెరుగుతాయి. ఆవిరి పెట్టి, పైనుంచి కిందికి నొక్కి, ఎత్తి, పక్కన మళ్లీ నొక్కాలి. గుడ్డ చల్లారేదాకా కదపకూడదు. సగం కేసులు దాంతోనే కుదురుకుంటాయి.

కుదరకపోతే విప్పి మళ్లీ వెయ్యాలి. అలలకు కారణం పాదం ఒత్తిడి. పాదం పై పొరను నొక్కి ముందుకు సాగదీస్తుంటే కింద పళ్లు కింది పొరను లాక్కుపోతాయి, కుట్టు ఆ సాగిన గుడ్డను అలాగే బంధించేస్తుంది. పాదం ఒత్తిడి మర తగ్గించే వీలుంటే తగ్గించండి. లేకపోతే గుడ్డ కింద పల్చటి తెల్ల కాగితం పట్టీ పెట్టి కుట్టి, తర్వాత చింపెయ్యండి. అచ్చు కాగితం వద్దు, సిరా అంటుతుంది. కుట్టు మరీ చిన్నది పెట్టినా అలలు వస్తాయి, అంచుకు 3 మిల్లీమీటర్లు ఉంచండి.

పొడవు కొలిచేటప్పుడు మెడ, భుజం కలిసే చోటు నుంచి కిందికి కొలవండి, చంక నుంచి కాదు. మడతకు ఒక అంగుళం వదలండి. మడిచి, ముందు ఇస్త్రీ చేసి, అప్పుడు కుట్టండి. రెండుసార్లు మడవక్కర్లేదు, ఒక్క మడత చాలు. రెండు మడతలు వేస్తే అంచు దబ్బలా బిగుసుకుంటుంది. కుట్టు లోపలి మడత కొసకు దగ్గరగా పడాలి, లేకపోతే ఆ కొస చుట్టుకుంటుంది. దుకాణం అంచులా రెండు గీతలు కావాలంటే జంట సూది ఉంది, కాకపోతే దానికి జిగ్‌జాగ్ మిషన్ ఉండాలి. తిన్నటి మిషన్ మీద పావు అంగుళం ఎడంతో రెండు కుట్లు వేస్తే పైకి అలాగే కనిపిస్తుంది.

ప్రశ్న: అన్నీ సరిపోయాయి, మెడ మాత్రం ఒక భుజం మీంచి జారిపోతోంది. ఏమైనా చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చు, మెడ పట్టీ మార్చాలి. పట్టీ విప్పేశాక భుజం కుట్టును మెడ దగ్గర అర అంగుళం లోతుకు పట్టి, భుజం చివరకు వచ్చేసరికి సున్నా అయ్యేలా ఏటవాలుగా కుట్టండి. ముందు అర, వెనక అర పోతాయి కాబట్టి రెండు భుజాలూ కలిపి మెడ చుట్టూ 2 అంగుళాలు తగ్గుతుంది. 24 ఉన్నది 22 అవుతుంది.

కొత్త పట్టీ పొడవు మెడ రంధ్రంలో 85 శాతం. 22కు 18 ముప్పావు, అతుకు మార్జిన్‌కు అర అంగుళం కలిపితే 19 పావు. గుడ్డ మరీ సాగే రిబ్ (నిలువు గీతల అల్లిక) అయితే ఇంకాస్త తగ్గించవచ్చు. వెడల్పు 2 అంగుళాలు: మడిచాక ముప్పావు అంగుళం పట్టీ కనిపిస్తుంది, పావు అంగుళం మార్జిన్. పొడవు తగ్గించినప్పుడు కింద కోసిన ముక్క పారేయకుంటే అదే పనికొస్తుంది. పట్టీ పొడవు గుడ్డ అడ్డం వైపే రావాలి, సాగుడు అటే ఉంటుంది. మంచి వైపు ఏదో తెలియకపోతే, అడ్డంగా కోసిన అంచును లాగండి, గుడ్డ మంచి వైపుకు చుట్టుకుంటుంది.

కుట్టే ముందు పట్టీని 18 ముప్పావు దగ్గర వేళ్లతో పట్టుకుని తల మీంచి దించి చూడండి. పెద్దవాళ్ల తల చుట్టుకొలత సుమారు 22, 23 అంగుళాలు, అంత సాగకపోతే పట్టీ పెంచాలి. ఆ తర్వాత పట్టీని రింగులా కలిపి, నిలువునా మడిచి, నాలుగు సమభాగాలు గుర్తు పెట్టండి. మెడను కూడా నాలుగు భాగాలు చెయ్యండి. ఇక్కడ భుజం కుట్లను గుర్తులుగా తీసుకోవద్దు, ముందు మెడ లోతు ఎక్కువ కాబట్టి పావు భాగం భుజం కుట్టుకు కాస్త ముందు పడుతుంది. పట్టీని పైన ఉంచి, పట్టీని మాత్రమే లాగుతూ కుట్టండి. మెడ గుడ్డ లాగితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. పట్టీ మెడకు అంటకుండా బయటికి నిలబడితే అది పొడుగైనట్టు, మెడ చుట్టూ ముడతలు పడితే పొట్టిదైనట్టు.

ప్రశ్న: ఇంత గొడవ లేకుండా వేడి నీళ్లలో నానబెట్టి ముడుచుకునేలా చెయ్యలేమా?

జవాబు: కొలత మీ చేతిలో ఉండదు. నూలు బనియన్ గుడ్డ వెడల్పు కన్నా పొడవులో ఎక్కువ ముడుచుకుంటుంది. చివరికి పొట్టిగా, వెడల్పుగా ఉన్న టీషర్ట్ మిగులుతుంది, మీకు కావాల్సింది దానికి తలకిందులు. ఇదివరకే చాలాసార్లు ఉతికినదైతే ఇక ముడుచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు, రంగు మాత్రం పోతుంది. పాలిస్టర్ టీషర్ట్ అసలు లొంగదు.

ప్రశ్న: మిషన్ లేదు. చేత్తో కుడితే నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. పక్కలకు బఖియా కుట్టు వెయ్యండి, అంటే ప్రతిసారీ ఒక కుట్టు వెనక్కి వచ్చి ముందుకు పోయేది. ఒక్కో కుట్టు రెండున్నర, 3 మిల్లీమీటర్లు ఉండాలి. దారం బిగించి లాగొద్దు. ప్రతి నాలుగు అంగుళాలకూ ఆగి, కుట్టిన భాగాన్ని చేత్తో సాగదీసి వదలండి, దారం తనకు కావాల్సినంత లోపలికి లాక్కుంటుంది. ముడి ఆ తర్వాతే. వట్టి టాకాలతో పక్కలు కుడితే మొదటిసారి తొడిగినప్పుడే ఊడుతుంది. కింది అంచుకు ఇంటూ ఆకారంలో దారాలు దాటే హెరింగ్‌బోన్ కుట్టు మంచిది. ఎడమ నుంచి కుడికి జరుగుతూ, సూది మొన మాత్రం ఎడమ వైపుకు పెట్టి, ఒకసారి మడత మీద, ఒకసారి ఒంటి గుడ్డ మీద ఒక్క ఉచ్చును పట్టుకుంటూ వెళ్లాలి. అది చక్కగా సాగుతుంది. ఇస్త్రీతో అంటుకునే టేపు చేతి అంచుకు పర్లేదు కానీ పక్కలకు పనికిరాదు, లాగుడు పడగానే విడిపోతుంది.

ప్రశ్న: నా టీషర్ట్‌కు పక్క కుట్లే లేవు. ఇంకోదానికి ఉన్నాయి కానీ ఉతికాక పొట్ట మీదికి తిరిగాయి. గీత ఎక్కడ గీయాలి?

జవాబు: మొదటిది గొట్టంలా అల్లిన గుడ్డ. భుజాలు కలిపి పరిస్తే రెండు పక్కల ఏర్పడే మడతే మీ పక్క గీత. రెండోదానిలో తప్పు కుట్టినవాళ్లది కాదు, నూలు పురి వల్ల ఉచ్చులు ఒక వైపుకు వాలతాయి, ఉతికాక గుడ్డ అటు తిరుగుతుంది. రెండుసార్లు ఉతికి ఆరేశాక పాత కుట్టును పట్టించుకోకుండా, భుజాలూ చంకలూ సరిపెట్టి పరిచి, కొత్త గీత గీయండి. పాత కుట్టు ఒంటి మీద కనిపించే చోట ఉండిపోతే అది భరించాల్సిందే.

ప్రశ్న: ముందు భాగమంతా పెద్ద బొమ్మ అచ్చు ఉంది. దాన్ని చెడగొట్టకుండా తగ్గించడం ఎలా?

జవాబు: బొమ్మ మీద గుండుసూది కూడా పెట్టకండి, ఆ చిల్లు మూసుకోదు. బొమ్మ అంచుకూ కొత్త కుట్టుకూ మధ్య కనీసం ఒక అంగుళం మిగలకపోతే పక్కలు తగ్గించే ఆలోచన మానుకోవడం మంచిది, బొమ్మ చంకలోకి చుట్టుకుని కనిపిస్తుంది. రెండు పక్కలూ సమంగా తగ్గించాలి, ఒక పక్క ఎక్కువైతే బొమ్మ నడిమికి దూరమవుతుంది. ఇస్త్రీ తిరగేసి, పైన ఒక నూలు గుడ్డ వేసి చెయ్యండి. ప్లాస్టిక్ రంగు అచ్చు అయితే పెట్టె నేరుగా తగిలిన క్షణంలో కరిగి అంటుకుంటుంది. పొడవు తగ్గించే ముందు తొడుక్కుని బొమ్మ ఎక్కడుందో చూసుకోండి. కింద నాలుగు అంగుళాలు కోసేస్తే, ఛాతీ మీద ఉన్నట్టు అనిపించిన బొమ్మ అంచు దాకా పాకినట్టు కనిపించవచ్చు.